అపరిమితం అన్న మాటకు హద్దు ఎక్కడ?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఇంటి ఇంటర్నెట్‌కు పెడుతున్న డేటా పరిమితి గురించే ఉన్నాయి. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన వాటిలో కొన్నింటిని ఎంచుకుని, పేర్లు తీసివేసి, అక్కడక్కడా కుదించి ఇక్కడ ఇస్తున్నాం. పరిమితి ఉండి తీరాలన్నవారూ, అది పట్టపగటి దోపిడీ అన్నవారూ ఉన్నారు. ఆ ఇద్దరి మధ్య నలిగిపోతున్నానంటూ ఊళ్ళో నెట్ నడుపుతున్న ఒకాయన కూడా రాశారు. అన్నిటికంటే నాకు ఆయన ఉత్తరమే నచ్చింది, అయినా ఆయన చెప్పినదంతా ఒప్పుకోలేకపోయాను.

ప్రశ్న: మా ఇంట్లో ‘100 ఎంబీపీఎస్ అన్‌లిమిటెడ్’ అన్న ప్లాన్ ఉంది. మా అబ్బాయి బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. కోడలు సాయంత్రాలు పిల్లలకు ఆన్‌లైన్‌లో సంగీతం నేర్పుతుంది. ఇరవయ్యో తేదీ దాటగానే నెట్ నత్తనడక పట్టింది. ఫోన్ చేస్తే, ‘మీ ఎఫ్‌యూపీ అయిపోయిందమ్మా, ఒకటో తేదీకి మళ్ళీ వస్తుంది’ అన్నారు. అన్‌లిమిటెడ్ అయిపోవడం ఏమిటండీ? ఇది మోసం కాదా?
– విశ్రాంత ఉపాధ్యాయిని, పద్మావతీపురం, తిరుపతి

జవాబు: అమ్మా, అది మోసమా కాదా అన్నది కనెక్షన్ ఇచ్చేటప్పుడు మీకు ఏం చెప్పారు, ఎక్కడ రాసి చూపించారు అన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎఫ్‌యూపీ అంటే ఫెయిర్ యూసేజ్ పాలసీ. నెలకు ఇంత డేటా దాకా ఒప్పుకున్న వేగం ఇస్తాం, ఆ పైన లైను కోసివేయం గానీ వేగం తగ్గిస్తాం అన్నది దాని సారాంశం. నెలాఖరు దాకా ఎంతో కొంత వస్తూనే ఉంటుంది కాబట్టి డేటా అపరిమితమేనని, హద్దు ఉన్నది వేగానికి మాత్రమేనని కంపెనీలు వాదిస్తాయి. మాటవరసకు అది నిజమే. విస్తరి వేసి ‘ఎంతైనా తినండి’ అని చెప్పి, రెండో వాయి నుంచి మెతుకు తరువాత మెతుకుగా వడ్డించినా ఆ భోజనాన్ని అపరిమితమనే అనాలి కదా.

ఆ మెతుకులెన్నో లెక్క వేసుకుందాం. వేగం 2 ఎంబీపీఎస్‌కు పడిపోతే ఒక జీబీ దిగడానికి గంటా ఏడు నిమిషాలు పడుతుంది. 512 కేబీపీఎస్‌కు, అంటే సుమారు అర ఎంబీపీఎస్‌కు పడిపోతే అదే జీబీకి నాలుగు గంటలా ఇరవై నిమిషాలు కావాలి. మీ అబ్బాయి ఆఫీసు వీడియో కాల్ గంటకు సుమారు ఒక జీబీ తీసుకుంటుంది కాబట్టి, ఈ రెండో వేగంలో ఆ కాల్ అసలు నడవదు.

మీ ప్లాన్ పరిమితి ఎంతో మీరు రాయలేదు. బహుశా మీకూ ఎవరూ చెప్పి ఉండరు, అయితే మీరిచ్చిన వివరాలతోనే దాన్ని అంచనా వేయవచ్చు. అబ్బాయి పని రోజుకు ఎనిమిది గంటల చొప్పున 22 రోజులకు 176 జీబీ అవుతుంది. కోడలి పాఠాలు రోజుకు మూడు గంటలనుకుంటే 26 రోజులకు 78. సాయంత్రం టీవీలో హెచ్‌డీ నాణ్యతతో రోజుకు నాలుగు గంటలు ఏదో ఒకటి చూస్తారనుకుంటే, గంటకు 3 జీబీ చొప్పున నెలకు 360. మొత్తం 614 జీబీ, అంటే రోజుకు ఇరవై చిల్లర. ఇరవయ్యో తేదీకి అయిపోయిందంటే మీ హద్దు సుమారు 400 జీబీ దగ్గర ఉండి ఉంటుంది. 2020 సెప్టెంబరులో జియో, ఎయిర్‌టెల్ ‘అన్‌లిమిటెడ్’ ఫైబర్ ప్లాన్లకు పెట్టుకున్న హద్దు 3300 జీబీ. మరుసటి నెలలో బీఎస్‌ఎన్‌ఎల్ కూడా 449 రూపాయల ఫైబర్ ప్లాన్‌కు అదే అంకెను ఎంచుకుంది. రోజుకు 110 జీబీ చొప్పున వాడే ఇల్లు అరుదు కాబట్టి, ఆ ప్లాన్లు తీసుకున్నవారిలో చాలామందికి హద్దు ఉన్న సంగతే తెలియదు. 400 దగ్గర హద్దు గీసి పైన ‘అన్‌లిమిటెడ్’ అని రాయడం మాత్రం పేరు గొప్ప ఊరు దిబ్బ వ్యవహారమే.

ఈ విషయంలో నిబంధనలు ఉన్నాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఎంత డేటా దాకా ఏ వేగం ఇస్తారో, ఆ తరువాత ఏ వేగానికి దించుతారో కంపెనీ తన వెబ్‌సైట్‌లోనూ ప్రకటనల్లోనూ తేటగా చెప్పాలి; వాడకం 50 శాతానికి, 90 శాతానికి, 100 శాతానికి చేరినప్పుడు వినియోగదారుడికి కబురు పంపాలి; హద్దు దాటిన తరువాత కూడా వేగాన్ని 512 కేబీపీఎస్ కంటే కిందికి దించకూడదు. మీకు ఆ మూడు కబుర్లలో ఒక్కటైనా వచ్చిందేమో ఫోన్‌లో వెతికి చూడండి. అన్నట్టు, ఆ 512 అన్న అంకె మన దేశంలో ‘బ్రాడ్‌బ్యాండ్’ అనిపించుకోవడానికి 2013లో నిర్ణయించిన కనీస వేగం. 2023లో ఆ కనీసాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. దాని కంటే తక్కువకు దించి కూడా బ్రాడ్‌బ్యాండ్ బిల్లే వసూలు చేయడం న్యాయం కాదన్నది నా అభిప్రాయం.

కబుర్లు రాకపోయి ఉంటే మొదట కంపెనీ కాల్ సెంటర్‌లో ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) తీసుకోండి. జవాబు తృప్తిగా లేకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయండి. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులను విచారించదు కాబట్టి అక్కడికి రాసి కాలం వృథా చేసుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే అక్కడ దాఖలుకు రుసుము లేదు. టెలికాం తగాదాలు వినియోగదారుల కమిషన్ల పరిధిలోకి రావన్న కంపెనీల వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది కాబట్టి, ఆ మాట చెప్పి ఎవరైనా మిమ్మల్ని వెనక్కు పంపబోతే వినకండి.

ప్రశ్న: నేను విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నేను రోజూ వార్తలు చూస్తాను, మనవడికి వీడియో కాల్ చేస్తాను, అంతే. పక్కింటి కుర్రవాడు రాత్రింబవళ్ళు ఆటలూ సినిమాలూ దించుకుంటాడు. ఇద్దరిదీ ఒకే బిల్లు. కరెంటుకు శ్లాబులు ఉన్నట్టే డేటాకూ ఉంటే తప్పేమిటి? ఎక్కువ వాడినవాడు ఎక్కువ కట్టాలి. డేటా పరిమితిని తిట్టేవాళ్ళందరూ ఉచితంగా వాడుకోవాలనుకునేవాళ్ళే.
– గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అయ్యా, కరెంటు సంగతి తెలిసిన మీకు ఈ విషయం చెప్పడం సులభం. కిలోవాట్‌కూ యూనిట్‌కూ తేడా మీకు కొట్టిన పిండి. ఎంబీపీఎస్ అన్నది కిలోవాట్ లాంటిది, అది వేగాన్ని చెబుతుంది; జీబీ అన్నది యూనిట్ లాంటిది, అది మొత్తం వాడకాన్ని చెబుతుంది. మీరు ఒక యూనిట్ ఎక్కువ కాల్చారంటే ఎక్కడో ఒకచోట ఆ మేరకు బొగ్గు కాలింది, లేదా నీరు దిగింది. ఆ ఖర్చు మీ వల్ల పెరిగింది కాబట్టి దాన్ని మీ దగ్గర వసూలు చేయడంలో న్యాయం ఉంది. జీబీకి అలాంటి బొగ్గు లేదు. ఫైబర్ వేసి, రెండు చివర్లా పెట్టెలు బిగించి, వాటికి కరెంటు ఇచ్చాక, ఆ తీగ మీద ఈ రాత్రి పది జీబీలు నడిచినా వంద నడిచినా కంపెనీ ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాదు. కల్యాణి డ్యాంలో నీళ్ళు తోడితే తరుగుతాయి గానీ, డేటా అలా తరిగే సరుకు కాదు.

అలాగని కంపెనీకి ఖర్చు లేదనడం లేదు. ఖర్చంతా గొట్టం ఎంత లావుగా వేయాలన్న దాంట్లో ఉంది, ఆ లావును నిర్ణయించేది రద్దీ వేళ. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న జీపాన్ అన్న పద్ధతిలో, ఎక్స్ఛేంజి వైపు నుంచి వచ్చే ఒక్క ఫైబర్ పోగు మీద సుమారు 2.5 గిగాబిట్ల (2500 ఎంబీపీఎస్) వేగం ఉంటుంది. దాన్ని వీధిలో ఒక స్ప్లిటర్ ద్వారా 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. 64 ఇళ్ళూ ఒకే క్షణంలో పూర్తి వేగం కోరితే ఒక్కో ఇంటికి దక్కేది 39 ఎంబీపీఎస్ లోపే. అయినా అందరికీ 100 అమ్ముతారు, అందరూ ఒకేసారి కుళాయి తిప్పరన్న నమ్మకంతో. తెల్లవారుజామున మూడు గంటలకు ఆ నమ్మకం వమ్ము కాదు. రాత్రి తొమ్మిదికి కొంత వమ్మవుతుంది. అంటే కంపెనీకి బరువయ్యేది ఆ రద్దీ వేళ వాడకమే గానీ నెల మొత్తం మీద పేరుకున్న జీబీల లెక్క కాదు.

నెలవారీ పరిమితికి ఈ రద్దీ వేళ సంగతి తెలియదు. మన కొండ సంగతే తీసుకోండి. ఒక్కో భక్తుడు ఏడాదికి రెండుసార్లే తిరుమలకు రావాలని నియమం పెడితే గరుడ సేవ నాటి రద్దీ తగ్గుతుందా? ఉన్న రెండింటిలో ఒకటి అందరూ ఆ రాత్రికే దాచుకుంటారు. జనం పలచగా ఉండే మామూలు మంగళవారాలు ఇంకా పలచబడతాయి. రద్దీకి మందు గంటల వారీ టైమ్‌స్లాట్ టోకెన్లే గానీ ఏడాదికి ఇన్నిసార్లు అన్న లెక్క కాదు. డేటా పరిమితి పెట్టిన ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. హద్దు దగ్గర పడుతోందని పగటిపూట పిల్లవాడి పాఠాల వీడియోలు ఆపుతారు, రాత్రి తొమ్మిది గంటల సీరియల్ మాత్రం ఆపరు.

ఈ తేడా తెలిసిన రోజులు మన దగ్గరా ఉండేవి. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చినప్పుడు చిన్న ప్లాన్‌లో నెలకు ఇచ్చింది 400 ఎంబీ మాత్రమే. ఈ రోజు ఒక సినిమాలో పది నిమిషాలకు అది చాలదు. కానీ ఆ రోజుల్లోనే కాస్త పెద్ద ప్లాన్లకు రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా లెక్క లేకుండా వాడుకునే సదుపాయం ఉండేది. రెండు గంటలకు అలారం పెట్టుకుని లేచి, డౌన్‌లోడ్ మొదలుపెట్టి మళ్ళీ పడుకున్నవాళ్ళు ఈ పత్రిక పాఠకుల్లోనూ ఉంటారు. నేనూ వారిలో ఒకడిని. ఆ ఏర్పాటు చిన్నదే అయినా దానిలో నిజాయితీ ఉంది. ఖాళీగా ఉన్న తీగను వాడుకోండి, రద్దీ వేళ కాస్త తగ్గండి అని అది చెప్పేది. భారీ పరిశ్రమలకు వేళను బట్టి కరెంటు రేటు మార్చే పద్ధతి మీరు ఎరిగినదే. పోలిక కావాలంటే శ్లాబులతో కాక దానితో పెట్టండి.

పరిమితి రద్దీ కోసం కాదన్న సంగతి కంపెనీల వైపువారే ఒప్పుకున్న సందర్భాలు ఉన్నాయి. అమెరికా కేబుల్ పరిశ్రమ సంఘానికి అప్పట్లో అధ్యక్షుడు, అంతకు ముందు ఆ దేశపు టెలికాం నియంత్రణ సంస్థకు ఛైర్మన్‌గా పనిచేసిన మైకేల్ పావెల్, 2013లో ఒక సభలో ఈ మాటే చెప్పారు: పరిమితుల ఉద్దేశం రద్దీ నివారణ కాదని, నెట్‌వర్క్ నిర్మాణానికి పెట్టిన భారీ ఖర్చును వాడకందార్ల నుంచి న్యాయంగా రాబట్టుకోవడమని. ఆ దేశపు పెద్ద కేబుల్ కంపెనీల్లో ఒకటైన కామ్‌కాస్ట్ 2008లో నెలకు 250 జీబీ హద్దు పెట్టింది, తరువాత దాన్ని పెంచుకుంటూ 1.2 టీబీ (1200 జీబీ) దాకా తెచ్చింది, 2025లో కొత్త ప్లాన్ల నుంచి పూర్తిగా తీసివేసింది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి ఊరంతా ఇళ్ళలో కూర్చున్నప్పుడు, అంటే రద్దీ అన్నది నిజంగా విరుచుకుపడినప్పుడు, అక్కడి పెద్ద కంపెనీలు ఈ హద్దులను కొన్నాళ్ళు పక్కన పెట్టాయి. అప్పుడు నెట్‌వర్కులు కూలిపోలేదు. కెనడాలో 2011లో చిన్న కంపెనీల ఖాతాదార్ల మీద కూడా వాడకాన్ని బట్టి బిల్లు పడేలా నియంత్రణ సంస్థ నిర్ణయం తీసుకుంటే, లక్షల మంది సంతకాలు పెట్టి నిరసన తెలిపారు. ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక అదే ఏడాది ఆ విధానం మారిపోయింది.

ఇక ‘ఒకే బిల్లు’ అన్న మీ బాధలో నిజం ఉంది, దాన్ని కాదనను. కానీ దానికి మందు పక్కింటి కుర్రవాడి కుళాయి బిగించడం కాదు. మీకు 30 ఎంబీపీఎస్ చాలు, నిజానికి అందులో సగమైనా చాలు. తక్కువ వేగానికి తక్కువ ధర ఉండాలి, ఆ ప్లాన్ అడిగితే దాచకుండా చూపించాలి. కొంతమంది ఏజెంట్లు 399 రూపాయల ప్లాన్ గురించి నోరెత్తరు. పేరు పెట్టి అడిగితేనే చెబుతారు. అడగండి. పరిమితులున్న చోట తక్కువ వాడేవారికి బిల్లు తగ్గించిన కంపెనీని మాత్రం నేను చూడలేదు. ఎక్కువ వాడేవారికి పెంచినవే చూశాను.

ప్రశ్న: ఎస్వీ యూనివర్సిటీ దగ్గర చిన్న హాస్టల్ నడుపుతున్నాను. పద్దెనిమిది మంది కుర్రవాళ్ళకూ ఒకే ఇంటి కనెక్షన్. పన్నెండో తేదీకే హద్దు అయిపోతోంది. ఇంకో కనెక్షన్ తీసుకోవాలా?
– తిరుపతి

జవాబు: ఇంటి ప్లాన్ ఒప్పందంలో ‘నివాస వినియోగానికి మాత్రమే’ అన్న షరతు సాధారణంగా ఉంటుంది, మీరు దాన్ని దాటారు. ఇక్కడ కంపెనీని తప్పు పట్టలేను. ‘ఫెయిర్ యూసేజ్’ అన్న మాటకు న్యాయమైన అర్థం ఎక్కడైనా ఉందంటే ఇలాంటి చోటే. వ్యాపార కనెక్షన్ తీసుకోండి. కుర్రవాళ్ళ దగ్గర నెట్ డబ్బు విడిగా వసూలు చేసే ఆలోచన ఉంటే, 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం కింద చిన్న దుకాణదారులు కూడా లైసెన్స్ లేకుండా వైఫై అందించవచ్చు. ఆ దారి చూడండి.

ప్రశ్న: శ్రీకాళహస్తి వైపు మూడు గ్రామాలకు నేను నెట్ ఇస్తున్నాను. ఒకప్పుడు కేబుల్ టీవీ నడిపేవాడిని. పెద్ద కంపెనీ దగ్గర నెలకు ఇంత అని కట్టి ఒక గిగాబిట్ కొంటాను, దాన్నే నాలుగు వందల ఇళ్ళకు పంచాలి. అందులో నాలుగైదు ఇళ్ళవాళ్ళు రాత్రింబవళ్ళు టారెంట్లు పెట్టి పెద్ద పెద్ద ఫైళ్ళు దించుకుంటూనే ఉంటారు. మిగతావాళ్ళు నన్ను తిడతారు. పరిమితి పెట్టకపోతే నేను బతికేదెట్లా? పెద్ద కంపెనీల లెక్క వేరు, మాలాంటివాళ్ళ లెక్క వేరు అని మీ పత్రికల్లో ఎవరూ రాయరు.

జవాబు: మీ ఉత్తరం చదివాక చిత్తూరు పెద్దాయనకు రాసిన జవాబును మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. ఆయనకు చెప్పిన సూత్రం మీ విషయంలో తప్పు కాలేదు గానీ, మీ ఇబ్బంది దానికంటే ఇరుకైనది. ఒక గిగాబిట్‌ను నాలుగు వందల ఇళ్ళకు పంచితే తలా 2.5 ఎంబీపీఎస్. రాత్రి తొమ్మిదికి అందులో వంద ఇళ్ళు కూర్చుంటే తలా పది. ఆ సమయంలో నాలుగు ఇళ్ళు వంద చొప్పున పీల్చేస్తే మీ గొట్టంలో నలభై శాతం ఆ నాలుగిళ్ళకే పోయినట్టు. గొట్టం లావు చేసుకోవాలంటే ఇంకో గిగాబిట్ కొనాలి, దాని డబ్బు మీ జేబులో నుంచే రావాలి. పెద్ద కంపెనీలు వీడియోల ప్రతులను తమ నెట్‌వర్క్‌లోనే పెట్టుకుంటాయి కాబట్టి వాళ్ళకు సినిమా దగ్గరి నుంచే వస్తుంది. మీకు అది కూడా మీరు కొన్న గొట్టంలో నుంచే రావాలి. కాబట్టి లెక్క వేరన్న మీ మాట నిజం. పత్రికల్లో ఎవరూ రాయరన్న మాట కూడా ఈ వారం దాకా నిజమే.

అయితే మీరు ఎంచుకున్న ఆయుధం గురి తప్పుతోంది. టారెంట్ పెట్టినవాడు రాత్రి రెండు గంటలకు వంద ఎంబీపీఎస్ పీల్చుకుంటే మీకు పైసా నష్టం లేదు. మీ గిగాబిట్ ఆ సమయంలో ఊరికే పడి ఉంటుంది, దానికి మీరు డబ్బు కట్టేసే ఉన్నారు. నష్టమంతా ఏడు నుంచి పదకొండు మధ్యే. ఆ నాలుగు గంటల్లో గొట్టం నిండినప్పుడు మాత్రమే, ఎక్కువ లాగుతున్న ఇంటికి ఇతరులతో సమానమైన వాటా దక్కేలా క్యూ పెట్టే సదుపాయం మీలాంటి వారు ఎక్కువగా వాడే మైక్రోటిక్ రూటర్‌లోనే ఉంది. దాన్ని పీసీక్యూ అంటారు. కొత్తగా కొనవలసింది ఏమీ లేదు, మీ నెట్‌వర్క్ చూసే కుర్రవాడికి ఒక పూట పని. నెలవారీ హద్దు పెడితే మీరు అరికట్టేది ఆ నాలుగిళ్ళతో పాటు, ఇంటి నుంచి పగలంతా ఉద్యోగం చేసుకుంటూ రాత్రి ఎనిమిదికే నిద్రపోయే ఇంటిని కూడా. ఆ ఇల్లు మీకు ఏ అపకారమూ చేయలేదు.

ఇదంతా చేసినా హద్దు పెట్టక తప్పదనుకుంటే పెట్టండి, మిమ్మల్ని తప్పు పట్టను. బోర్డు మీద మాత్రం ‘అన్‌లిమిటెడ్’ అని రాయకండి. ‘నెలకు 600 జీబీ, ఆ తరువాత 5 ఎంబీపీఎస్’ అని పెద్ద అక్షరాలతో రాసి, పక్కనే ‘రాత్రి పన్నెండు నుంచి ఉదయం ఆరు దాకా లెక్క లేదు’ అని చేర్చండి. మీ మూడు గ్రామాల్లో దాన్ని చదివి అర్థం చేసుకోలేని ఇల్లు ఉండదు. మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేసినప్పుడు కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, ఇంటి దాకా చేర్చే పనిని మీలాంటి కేబుల్ ఆపరేటర్లకే అప్పగించారు. టీవీ, ఫోన్, నెట్ కలిపి 149 రూపాయలన్న ధర అప్పట్లో ఊరూరా చర్చకు వచ్చింది. ఆ చివరి మైలు మీ చేతిలో ఉన్నంత కాలం జనం తిట్టేది మిమ్మల్నే, నమ్మేది కూడా మిమ్మల్నే.

ప్రశ్న: మా కంపెనీవాళ్ళు ‘మా సొంత సినిమాల యాప్ చూస్తే డేటా లెక్కలోకి రాదు, వేరేవాళ్ళవి చూస్తే వస్తుంది’ అన్న ఆఫర్ పెట్టబోతున్నారని ఏజెంట్ చెబుతున్నాడు. అది మంచిదే కదా?
– కొంగారెడ్డిపల్లె, చిత్తూరు

జవాబు: ఏజెంట్ సరిగా చెప్పి ఉంటే అది చట్టవిరుద్ధం. చూసే విషయాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడాన్ని ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిషేధించింది. కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ వారి ‘ఫ్రీ బేసిక్స్’ ఇక్కడ ఆగిపోయింది ఆ నిబంధనతోనే. డేటా పరిమితి మీద నాకున్న పెద్ద అనుమానాల్లో ఇదొకటి. హద్దు అంటూ ఒకటి ఉంటేనే దాని నుంచి ఎవరికి మినహాయింపు ఇవ్వాలన్న బేరం పుడుతుంది. అమెరికాలో కామ్‌కాస్ట్ 2015లో తన సొంత టీవీ సేవను తన హద్దు లెక్కలోంచి మినహాయించుకుంది. పోటీ కంపెనీల వీడియోలు మాత్రం లెక్కలోనే ఉండిపోయాయి. ఒక్క మెలిక ఉంది. కంపెనీ తన నెట్‌వర్క్ లోపలే, బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా టీవీ ఛానళ్ళను పంపిస్తే దానికి ఈ నిషేధం వర్తించదు. మీ ఏజెంట్ చెబుతున్నది సెట్‌టాప్ బాక్స్‌లో వచ్చే ఛానళ్ళ గురించేమో కనుక్కోండి.

ప్రశ్న: పలమనేరు దగ్గర మా ఊరికి ఫైబర్ రాలేదు, మిద్దె మీద ఎయిర్‌ఫైబర్ పెట్టించాం. దీనికి 1000 జీబీ హద్దు అన్నారు. పట్నంలో 3300 అయితే మాకు ఇంత తక్కువ ఎందుకు?

జవాబు: ఈ వివక్షకు కొంత కారణం ఉంది. మీ మిద్దె మీది పెట్టె టవర్ నుంచి సిగ్నల్ అందుకుంటుంది. అదే టవర్, అదే స్పెక్ట్రమ్ (సిగ్నల్ నడిచే రేడియో తరంగాల వాటా) మీ ఊరి ఫోన్లకు కూడా. ఫైబర్ అయితే రద్దీ పెరిగినప్పుడు ఇంకో పోగును వాడుకలోకి తేవచ్చు గానీ, గాలిలో స్పెక్ట్రమ్‌ను అలా పెంచుకోలేరు, వేలంలో కొన్నంతే ఉంటుంది. 2023లో జియో ఎయిర్‌ఫైబర్‌ను 1000 జీబీ హద్దుతో తీసుకువచ్చినప్పుడు నాకు అది అన్యాయంగా తోచలేదు. రోజుకు 33 జీబీ, అంటే హెచ్‌డీలో పదకొండు గంటలు. మీ ఇంటికి సరిపోతుంది. ఫైబర్ ఊళ్ళోకి వచ్చిన రోజున మాత్రం మారిపోండి.

ప్రశ్న: మేము ఇద్దరమే ఉంటాం, పిల్లలు బయటి దేశంలో ఉన్నారు. రోజూ గంటసేపు తప్ప నెట్ వాడం. అయినా గత రెండు నెలలుగా వాడకం 1300 జీబీ దాటిందని, ప్లాన్ పెంచుకోమని ఫోన్ చేస్తున్నారు. మీటర్ తప్పుగా తిరుగుతోందా? వైఫై పాస్‌వర్డ్ మార్చి చూశాం, తేడా లేదు. రెండు నెలల క్రితం పిల్లలు పట్టుబట్టి గేటు దగ్గరా, వరండాలోనూ కెమెరాలు పెట్టించారు, అంతకు మించి కొత్తగా ఏమీ లేదు.
– కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీ చివరి వాక్యంలోనే జవాబు ఉంది. ఆ కెమెరాలు ఇంట్లోని డీవీఆర్ పెట్టెలో రికార్డు చేసేవి అయితే, పిల్లలు ఫోన్‌లో తెరిచి చూసినప్పుడు తప్ప నెట్ ఖర్చు కాదు. డీవీఆర్ లేకుండా వీడియోను నేరుగా క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్‌లోని నిల్వకు పంపేవి అయితే, ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున ఇరవై నాలుగు గంటలూ పంపిస్తూనే ఉంటుంది. నెలకు అది 648 జీబీ. రెండు కెమెరాలకు 1296. మీరు రాసిన 1300తో సరిపోయింది చూడండి, మీటర్ తప్పు తిరగలేదు. పైకి పంపే డేటాను కూడా హద్దు లెక్కలో కలుపుతారన్న సంగతి చాలామందికి తెలియదు. కెమెరా పెట్టే కుర్రవాడు చెప్పడు, నెట్ పెట్టే కుర్రవాడు అడగడు.

ప్లాన్ పెంచుకోవలసిన పని లేదు. పిల్లలతో చెప్పి కెమెరా యాప్‌లో రికార్డింగ్‌ను నిరంతరం అన్న దాని నుంచి కదలిక ఉన్నప్పుడు మాత్రమే అన్న దానికి మార్పించండి. మూడు రోజుల తరువాత కంపెనీ యాప్‌లో వాడకం మళ్ళీ చూడండి. గేటు కెమెరాకు వీధిలో కుక్క నడిచినా, స్కూటర్ వెళ్ళినా అది కదలికే కాబట్టి, అది చూసే మేరను మీ గేటు దాకా కుదించమనడం మరిచిపోకండి.